జర మెల్లగ, భాయ్!

అన్నా,

నువ్వు చనిపోయిన ఏడాదికి, నువ్వు యుద్ధానికి వెళ్లిన సబ్‌మెరైన్‌ను విశాఖ బీచ్‌లో మ్యూజియం చేశారు. మొన్న వెళ్లి చూసొచ్చాను.

"నీళ్ల కింద చెంచా పడ్డా శత్రువుకు వినిపిస్తది" అనేవాడివి. నేవీ వదిలి వచ్చాక మన బేగంబజార్ స్టీలు సామాన్ల దుకాణంలోనూ నీకు అదే ఫికర్. గిరాకీకి వచ్చినవాళ్లు బిందెను కొట్టి చూస్తే చాలు, "జర మెల్లగ, భాయ్!" అనేవాడివి. మేమంతా నవ్వేవాళ్లం.

సబ్‌మెరైన్‌ లోపల నా టిఫిన్ డబ్బా మూత జారిపడితే ఆ చివరిదాకా ఖంగుమంది. గబుక్కున దాన్ని అరచేత్తో అదిమిపట్టాను.

ఈ పొద్దున ఒకాయన బిందె మీద టకటకా కొట్టాడు. "జర మెల్లగ, భాయ్!" అనేశాను. మన ముసలి హమాలీ యాదయ్య, మోసుకొస్తున్న గంగాళాన్ని చప్పుడు కాకుండా దించి, నీ కుర్చీ వైపు చూశాడు.

"పెద్ద సేటు వచ్చిండనుకున్న!" అన్నాడు.