సూది మొన

ప్రియమైన అక్కా,

ఫోను చేస్తే "బాగున్నానే" అని అబద్ధమాడేస్తానని కాగితం పట్టుకున్నాను. నవ్వినా ఫర్వాలేదు, చింపకు.

మా కుట్టు ఫ్యాక్టరీలో నాది సూదుల రిజిస్టరు. ఎవరి మెషీనులో సూది విరిగినా ముక్కలన్నీ ఏరి నాకు తెచ్చివ్వాలి. వాటిని పేర్చి, పూర్తి సూది అయిందని చూసి, టేపుతో పేజీకి అంటించి నేను సంతకం పెడితేనే కొత్త సూది. నెల కిందట చంటిపాప గౌను కుడుతుండగా ఒకటి విరిగింది. మూడు ముక్కలొచ్చాయి. సరిపోయాయి, సంతకం పెట్టాను. ఇంటికొచ్చి మొహం కడుక్కుంటుంటే అనుమానం: మొన నిజంగా ఉందా? లేకపోతే ఏ పసిదాని వీపులో గుచ్చుకుంటుందో!

అప్పటినుంచి పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి ఆ పేజీ తీస్తాను. మొన ఉంటుంది. మధ్యాహ్నం మళ్ళీ తీస్తాను. పోయిన వారం సీలు వేసిన పెట్టెలు విప్పి గౌన్లు తడుముతూ సూపర్‌వైజరుకి దొరికిపోయాను. "ఇంకోసారి విప్పావంటే నిన్ను ఉంచలేనమ్మా" అంది. ఆవిడ మంచిదే. అక్కడే గుండె దడదడలాడి చేతులు తిమ్మిరెక్కాయి. గుండెపోటే అనుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. "గుండె నిక్షేపంగా ఉంది. ఇది ఆందోళన జబ్బు, పిరికితనం కాదు. నయమవుతుంది" అంది. చూడాలనిపించినప్పుడు పది నిమిషాలు ఆగి, ఊపిరి నెమ్మదిగా వదలమంది. ఆ పది నిమిషాలు ఎంత పొడుగో ఆవిడకేం తెలుసు!

రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను. నెలాఖరుకి ఇచ్చేస్తాను.

ఇంకొకటి అడగనా? మన మధ్య పదకొండు బస్టాపులే. మూడేళ్ళుగా మోకాళ్ళ నొప్పులంటూ నువ్వు ఒక్కసారి కూడా రాలేదు. నా గదిలో రెండో కుర్చీ మీద ఉతికిన బట్టలు పెట్టుకుంటున్నాను. నేనంటే విసుగు పుట్టిందా?

నీ చిట్టెలుక

చిట్టెలుకా,

నవ్వలేదు, చింపలేదు. తలుపేసుకుని ఏడ్చాను.

నా మోకాళ్ళు గుండ్రాళ్ళలా ఉన్నాయే. మూడేళ్ళ కిందట నీ దగ్గరికి వస్తుంటే నాలుగో స్టాపులో ఊపిరాడలేదు. చచ్చిపోతున్నాననుకుని దిగిపోయి, ఇంటిదాకా నడిచాను. మళ్ళీ బస్సెక్కితే ఒట్టు. మీ బావకీ మోకాళ్ళనే చెప్పాను. పాపం, రోజూ నూనె రాస్తున్నాడు. అక్క ఇంత పిరికిదా అనుకుంటావని నీ దగ్గర దాచాను. విసుగు కాదే, సిగ్గు.

నీ ఉత్తరం చదివి నిన్న బస్సెక్కాను. నాలుగో స్టాపులో అదే దడ. మీ డాక్టరమ్మ చెప్పినట్టు ఊపిరి వదిలాను. దడ పోలేదు కానీ నేను చావలేదు. అయిదో స్టాపులో దిగాను.

ఆదివారం పొద్దున ఆరో స్టాపుదాకా వస్తాను. అక్కడ బెంచీ ఉంది. మిగతా అయిదూ నువ్వు ఎదురురా. రాజీనామా కాగితం తీసుకురా, ఇద్దరం కలిసి చింపుదాం. ఆ డాక్టరమ్మ దగ్గరికి నన్నూ తీసుకెళ్ళు.

నీ గదిదాకా రావడానికి నాకు ఇంకా ఎన్ని ఆదివారాలు పడతాయో తెలియదు. ఆ కుర్చీ మీద బట్టలు మాత్రం ఇప్పుడే తీసెయ్.

మోకాళ్ళు బాగున్న మీ అక్క