రాతిమీది బాదుషా పేరు చెరపరాదు

రాయచోటి దగ్గర కోటకొండపల్లె కాపురస్థుడను, ప్రస్తుతం ఖతార్‌లోని అల్ వుకైర్‌లో ఒక అరబ్బు ఇంట డ్రైవరుగా ఉన్న బొందిలి రతన్ సింగ్ అను నేను వ్రాసుకున్న వీలునామా. సోమవారం నాకు గుండె ఆపరేషన్. జబ్బు గుండెకే గానీ బుద్ధికి కాదు. ఎవరి బలవంతమూ నామీద లేదు.

1. కోట కింద నేను కొన్న పొలం, అందులోని రెండు రాళ్లతో సహా, నా కూతురు పద్మినీబాయికి సర్వహక్కులతో చెందాలి. ఆ రాళ్లు ఎవరివో వారసులు తెలుసుకోవాలి. మా మూలపురుషుడు రాజా జగమన్ సింగ్ బుందేల్‌ఖండ్‌లో ఏడు ఊళ్లకు రాజు, ఢిల్లీ బాదుషా సైన్యంలో సేనాని. మా ఊరి కొండమీది కోటను ఆ సైన్యం ముట్టడించినప్పుడు, తలుపులు తీస్తే ప్రాణాలకు తనది పూచీ అని లోపలివాళ్లకు మాటిచ్చాడు. వాళ్లు తీశారు. అంతలో అందరినీ నరకమని బాదుషా హుకుం వచ్చింది. రాజా గుర్రం దిగి వాకిట్లో అడ్డంగా నిలబడి, "ముందు నన్ను నరికి లోపలికి పోండి" అన్నాడట. ఆయన పక్కన నిలిచింది ఫిరంగుల జమేదారు ఫతే ఖాన్ ఒక్కడే. పిల్లాజెల్లాతో జనమంతా వాళ్ల వెనకనుంచి కొండ దిగిపోయారు. రాజాకు పదవీ పోయింది, ఏడు ఊళ్లూ పోయాయి. మా ఊళ్లోనే సేద్యం చేసుకుని బతికాడు. ఒక రాయి ఆయన గుర్తుగా నిలిపింది, రెండోది ఖాన్ సమాధి.

2. రాజా రాతిమీది "బాదుషా సేనాని" అన్న మాట చెరిపించేసి, ఖాన్ సమాధి తీయించి, అక్కడ రాజా పేర ఆర్చి కట్టాలని నా తమ్ముడు మోహన్ సింగ్ పట్టుదల. "బాదుషా కింద కొలువు చేసినామంటే మనకు పరువుంటాదా అన్నా?" అని ఫోన్లో అరిచాడు. ఉంటుంది. ఆ ఉప్పు తిన్న మనిషి ఆ హుకుం కాదన్నాడు. అదే మన పరువు. కొలువు మాట చెరిపితే ఆయన దేనికి ఎదురు నిలిచాడో ఎవరికి తెలుస్తుంది? అక్షరం చెరపరాదు, ఆర్చి కట్టరాదు. దీపం రెండు రాళ్లకూ పెట్టాలి.

3. రాజా కత్తి కూడా పద్మినికే. కత్తి ఆడపిల్లకెందుకని తమ్ముడి వాదన. నా బిడ్డ కానిస్టేబుల్. ఎన్నికల గొడవల్లో ఒక ఇంటిమీదికి గుంపు వస్తే గడపలో ఒంటరిగా నిలబడింది. నాకు తను చెప్పలేదు, ఊరివాళ్లు చెప్పారు. ఆ కత్తిని ఊరేగింపులకు ఇవ్వరాదు.

4. ఊళ్లో ఇంట్లో నా వాటా తమ్ముడికి. కోపం తీరలేదు. అయినా నాకు కామెర్లొచ్చినప్పుడు ఎండలో నడిచిపోయి పసరు తెచ్చింది వాడే.

5. నా గది స్నేహితుడైన పులివెందుల ఇమామ్ ఈ వీలునామాను అమలు చేయాలి. నా ఉన్ని కోటు అతనిది. వద్దంటాడు, బలవంతంగా తొడగండి. ఇదే ఇంట్లో వంట చేసే రమీజాకు నా కరివేపాకు కుండీ. మధ్యాహ్నం నీడకు జరపాలమ్మా.

6. ఆపరేషన్ బాగా జరిగితే ఈ కాగితం పట్టుకుని నేనే ఊరికి వస్తాను. ఆ రాళ్లమీద మేస్త్రీ సుత్తి ఎత్తకముందే వస్తాను. మోహనా, అప్పుడు నాతో మాట్లాడు.

అల్ వుకైర్, 14 నవంబరు 2025, శుక్రవారం.

(సంతకం) బొందిలి రతన్ సింగ్

సాక్షులు:
ఏసోబు, పక్కింటి డ్రైవరు
గురవమ్మ, పక్కింటి ఆయా (వేలిముద్ర)