కారం తిన్న కంప్యూటర్

మంగళవారం, పడుకోబోయే ముందు

మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంటోందని పిలిస్తే వెళ్లాను. మేనేజరు అప్పటికే కొత్త మానిటర్ కొనేశాడు. మహా మేధావి! అదీ నల్లగానే ఉంది.

"వైరస్సండీ. మరియమ్మ ఫోన్లోంచి ఎక్కించింది. అందుకే పనిలోంచి తీసేశాను" అన్నాడు. ఆరేళ్లుగా అక్కడ టైపు చేస్తున్న మనిషిని!

చూస్తే సీపీయూకి పక్క మూత లేదు. వేడెక్కుతోందని ఈయనగారే ఊడదీసి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టించాడట. తలుపవతల రోజంతా మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, దించుతుంటారు. ఆ ఘాటు దుమ్మంతా ఫ్యాను గాలికి సీపీయూ లోపలికే. గుంటూర్లో కారం తినేది మనుషులే అనుకున్నాను ఇన్నాళ్లూ. ర్యామ్ పీకి, రబ్బరుతో రుద్ది, మళ్లీ పెట్టాను. బొమ్మ వచ్చేసింది.

"చూశారా, ఆవిడ పోగానే బాగైంది!" అని నవ్వాడు.

'మీ ఫ్యాను వల్లేనయ్యా' అన్న మాట నోటిదాకా వచ్చింది. అంతలో తుమ్మొచ్చింది. తుమ్మేశాక, "అవునండీ" అన్నాను.

రెండుసార్లు స్నానం చేసినా ఇంకా తుమ్ములే. ఆ వెధవని నాలుగు తిడదామనే ఈ పేజీ తీశాను. కానీ వాడు తెలియక అన్నాడు. నేను తెలిసే అన్నాను.