తుప్పు పట్టని షటిల్

మందస,
మార్చి 2003

చెల్లి ప్రమోదినికి,

అమ్మ శవపేటిక మూత వేయకముందు మన హెన్రీ ఇచ్చిన మాట నీకు గుర్తుండే ఉంటుంది. కుట్టుమిషన్ నా వాటాకి వచ్చింది. అడుగు దారం పట్టే దాని షటిల్ ఉన్న రేకు డబ్బా మాత్రం వాడు చంకలో పెట్టుకున్నాడు. "అడిగిన రోజున ఇత్తానన్నయ్యా" అన్నాడు. దేశాల విభజనల గురించి చాలా చదివాను. కుట్టుమిషన్ విభజన మాత్రం మన ఇంట్లోనే చూశాను.

అప్పటినుంచి ఇన్నేళ్లుగా ఆ మిషన్ దుప్పటి కిందే ఉంది. పాస్టరు గారితో కబురంపాను. "అన్నయ్యనే రమ్మనండి" అన్నాడట. ఊరి పిల్లలకి అక్షరాలు దిద్దించిన నేను తమ్ముడి గుమ్మంలో నిలబడి చెయ్యి చాచాలన్నమాట.

ఇన్నాళ్లూ పంతం. ఇప్పుడు భయం. మీ వదిన దయమ్మకి కిడ్నీలు పాడై క్రియాటినిన్ బాగా పెరిగింది. ఈ మాట తెలియని ఇల్లు మన ఉద్దానంలో లేదు. ఈస్టరుకి భావనపాడు సముద్రంలో నా మనవరాలు అనూషకి బాప్తిస్మం. ఆ తెల్ల గౌను తనే కుట్టాలంటుంది దయమ్మ, అదీ అమ్మ మిషన్ మీదే. తన బాప్తిస్మం గౌను మన అమ్మ కుట్టినట్టే, నీళ్లలో పైకి తేలకుండా అంచు మడతలో వలకు కట్టే సీసపు గుళ్లు వేసి మరీ. టైలరుకి ఇద్దామంటే ముఖం గోడవైపు తిప్పుకుంది.

పడవలా ఉండే ఆ రకం షటిల్ రావడం తన తండ్రి రోజుల్లోనే ఆగిపోయిందని పలాస దుకాణంవాడు నవ్వాడు. టెక్కలిలో వేరే మిషన్‌ది అరగదీసి ఇచ్చారు. నాలుగు కుట్లు పడకుండానే దారం తెగింది. తెగినప్పుడల్లా మీ వదిన నావైపు చూస్తుంది. కుట్టు పూర్తవుతుందా, అప్పటిదాకా తను కూర్చోగలదా అని రోజులు లెక్కపెడుతున్నాను. మీ విశాఖలో పాత మిషన్లు విప్పి అమ్మేవాళ్లు ఉంటారు. దాని బొమ్మ గీసి పంపుతున్నాను, వెతుకు. హెన్రీకి మాత్రం చెప్పకు.

మీ పెద్దన్నయ్య,
జోయెల్


మందస,
ఏప్రిల్ 2003

ప్రమోదినీ,

అక్కడా దొరకలేదన్న నీ జవాబు చదివి వినిపించగానే మీ వదిన మంచం దిగి చెప్పులు వెతుక్కుంది. "మీరెల్తారా, నన్నెల్లమంతారా?" అంది.

హెన్రీ ఉండే నౌపడ వెళ్లాను. హెన్రీ నన్ను చూసి లోపలికెళ్లి డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. ఆ ఉప్పుగాలికి వాళ్లింటి కిటికీ ఊచలు పొరలు పొరలుగా రాలుతున్నాయి. షటిల్ మీద తుప్పు చుక్క లేదు. నూనెగుడ్డలో చుట్టి ఉంది. ఆ గుడ్డ కొత్తది.

ఎందుకు పంపలేదురా అని అడిగాను.

"అమ్మే పోయేముందు నా సేతిలో ఎట్టింది. ఎవులొచ్చినా ఇవ్వకు, అన్నయ్యొచ్చి అడిగితేనే ఇయ్యి, దీనికోసమైనా నీ గడప తొక్కుతాడు అంది."

ఆ ముక్క ముందే చెప్పి చావకపోయావా అన్నాను.

"సెప్పి రప్పిత్తే అదీ ఒక రావడమేటి?" అన్నాడు.

నాతోపాటే వచ్చాడు. మీ వదిన పడుకుంటూ లేస్తూ కుట్టింది. చివరి అంచు దగ్గర కాళ్లు సహకరించకపోతే హెన్రీ కింద కూర్చుని పెడల్ చేత్తో నొక్కాడు. ఈస్టరునాడు అల మీద అల వచ్చినా అనూష గౌను తేలలేదు. మీ వదిన ఒడ్డున కుర్చీలో కూర్చుని ఆ అంచునే చూసింది.

మళ్లీ ఆ మిషన్ దగ్గర కూర్చునే ఓపిక తనకి వస్తుందనుకోను. ఒంట్లో బలమున్న ఏళ్లన్నీ దాని మీది దుప్పటి ఉతకడానికే సరిపోయాయి. నా పంతం సంగతి ఎత్తుతావని తెలుసు. ఎత్తకు. హెన్రీ మీద కోపం వదిలేశాను. ఇద్దరు మొండి కొడుకుల్ని కని, వాళ్లను ఒక ఇనపముక్కతో కలిపి ఉంచవచ్చనుకున్న మనిషిని మాత్రం వదల్లేను. నేను ఇప్పటికీ తప్పుపట్టేది మన అమ్మ సువార్తమ్మనే.

జోయెల్