అక్క వంతు

కాన్సాస్ సిటీ, మే నెల

ప్రియమైన అక్కా,

ముందు కూర్చో, తర్వాత చదువు. మన డ్యుమాంట్ థియేటర్ మళ్ళీ తెరుస్తున్నారు! ఇన్నేళ్ళూ పావురాలు కాపురం చేసిన హాలే. వీధి మొత్తానికి రంగులు వేస్తున్నారు. దీపాల బోర్డులు, పాటల క్లబ్బులు, బొమ్మల గ్యాలరీలు, ఒకటే హడావిడి. ఇకనుంచి దీన్ని కళల పేట అనాలట. ఒకప్పుడు తమ పిల్లలతో "ఆ నల్లవాళ్ళ వీధికి పోకండి" అన్నవాళ్ళే ఇప్పుడు రిబ్బను కత్తిరించడానికి వస్తున్నారు.

అక్టోబరులో మొదటి ఆట మనదే. 'ప్రూయిట్ సిస్టర్స్' అని బయట దీపాల్లో పేరు వేస్తారట. నువ్వు ఓక్లాండ్ నుంచి రావాలి. బూట్ల చప్పుడుతో ఆడే ఈ టాప్ డాన్స్ నాన్న మనకు సగం సగం పంచి నేర్పాడు, ప్రశ్న వంతు నీకు, జవాబు వంతు నాకు. నీ కాళ్ళు ప్రశ్న అడగకపోతే నా కాళ్ళు ఎవరికి జవాబు చెప్తాయి? కాలి వేలి మీద పుండని సాకులు చెప్పకు.

డ్రమ్స్ మన థర్మనే వాయిస్తాడు. "మీ అక్కకు ఆ పొగరు ఇంకా ఉందా?" అని అడిగాడు. పెరిగిందని చెప్పాను.

నీ తోక,
వెర్లీన్

ఓక్లాండ్, జూన్ నెల

ఏమే వెర్లీన్,

పొగరు నాది కాదు, నా బూట్లదని థర్మన్‌తో చెప్పు. వస్తాను. ముందు స్టేజి మీద చెక్క ఉందో లేదో చూడు. ఈ కాలం వాళ్ళు రబ్బరు పరుస్తారు. దాని మీద మన బూట్ల రేకులు మోగవు.

పుండు ఇంకా మానలేదు. చక్కెర జబ్బు కదా, నెమ్మదిగా మానుతుందట. లోరెయిన్ పంచదార డబ్బాకు తాళం వేసింది. నా కూతురు పోలీసుల్లో చేరాల్సింది.

ఇంకొక మాట. నా వంతు కూడా నేర్చుకుని పెట్టుకో. ఊరికే, మధ్యలో మరిచిపోతే అందుకుంటావని.

ప్రేమతో
మీ అక్క

కాన్సాస్ సిటీ, ఆగస్టు నెల

అక్కా,

ఈసారి ప్రియమైన లేదు, ఉత్త అక్కే. అవేం మాటలు? మన టాప్ వాళ్ళలో బతికున్న మనిషి వంతు పక్కవాళ్ళు ఆడతారా? నాన్న పోయాక, ఆయనతో జంటగా ఆడిన క్లీవ్ బాబాయి ఏం చేశాడో మరిచిపోయావా? మొదటి ఆటలో నాన్న వంతు వచ్చినప్పుడల్లా కదలకుండా నిలబడ్డాడు. డ్రమ్ కూడా ఆగింది. ఆ ఒక్క ఆట ఖాళీగా వదిలాకే ఆ వంతు తను తీసుకున్నాడు. నీది నేర్చుకోమంటే నీకు గొయ్యి తవ్వమన్నట్టే. ముందు నోరు కడుక్కో.

నువ్వన్నట్టే రబ్బరు పరిచారు. థియేటర్ చూసుకునే కారా అనే అమ్మాయి "మోకాళ్ళకు మంచిదండీ" అంది. "మోకాళ్ళు ఎప్పుడో పోయాయమ్మా, మిగిలింది చప్పుడొక్కటే, అదీ తీసేస్తావా?" అన్నాను. పాపం బిక్కచచ్చిపోయింది. నాన్న ఆడిన చెక్క పలక తెచ్చి వేస్తున్నాను. ఇద్దరికీ సరిపోతుంది.

ఎప్పుడు ఫోన్ చేసినా లోరెయిన్ "అమ్మ పడుకుంది పిన్నీ" అంటుంది. నా మీద కోపమా? నువ్వు రాకపోతే నేను ఆడను. పేరు పీకెయ్యమంటాను.

వెర్లీన్

ఓక్లాండ్, సెప్టెంబరు నెల

ప్రియమైన చెల్లీ,

కోపం కాదే. లోరెయిన్ చేత ఆ అబద్ధాలు నేనే చెప్పించాను. పుండు పాదమంతా పాకింది. జూలైలో కుడి పాదం తీసేశారు. నీకు చెప్తే పరిగెత్తుకొస్తావు, అక్కడ ఆట ఆగిపోతుంది. అందుకే చెప్పలేదు.

నా బూట్లు పంపిస్తున్నాను. నేను బతికే ఉన్నాను, పోయింది నా వంతే. కాబట్టి నువ్వు ఆడినా తప్పు లేదు. ప్రశ్న నువ్వే అడుగు, జవాబు నువ్వే చెప్పు. ఖాళీగా మాత్రం వదలకు. వీధంతా నేను పోయాననుకుంటుంది. నాకింకా పోవాలని లేదే.

ఆ పూట స్టేజి దగ్గర ఫోన్ పెట్టించు. ఇక్కడ వింటాను.

మీ అక్క ఒడెల్లా

కాన్సాస్ సిటీ, అక్టోబరు నెల

నా ప్రాణమైన అక్కా,

విన్నావా? కారా ఫోన్ పట్టుకుని స్టేజి అంచునే కూర్చుంది.

నీ వంతు వచ్చింది. థర్మన్ నావైపు చూశాడు. ఆడలేను, వదల్లేను. మోకాళ్ళ మీద కూలబడ్డాను. నీ బూట్లు చేతులకు తొడుక్కుని నీ ప్రశ్న పలక మీద కొట్టాను. లేచి నా కాళ్ళతో జవాబు చెప్పాను. మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ లేచాను. మోకాళ్ళు దోక్కుపోయాయి. జనం మొదట నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

చివర్లో ఎవరో "ఒడెల్లా ఏది?" అని అరిచారు. "ఓక్లాండ్‌లో కూర్చుని నా తప్పులు లెక్కపెడుతోంది" అన్నాను. అప్పుడు చూడాలి చప్పట్లు!

వసంతంలో మళ్ళీ ఆడమన్నారు. కట్టుడు పాదం పెట్టించుకో. కుర్చీలో కూర్చునైనా ఆడుదువుగాని, నేనే వచ్చి తీసుకొస్తాను.

నీ వెర్లీన్

ఓక్లాండ్, నవంబరు నెల

నా బంగారు వెర్లీన్,

విన్నాను. రెండో జవాబు ఆలస్యంగా చెప్పావు. నువ్వెప్పుడూ అంతే.

నా బూట్ల చప్పుడు వినగానే దుప్పటి కింద కుడి పాదం కదిలింది. లేని పాదమే. వేళ్ళు కూడా కదిలాయి. "పిన్ని బాగా ఆడింది కదా, ఎందుకమ్మా ఏడుస్తావు?" అంది లోరెయిన్.

రెండో కాలికీ పుండు లేచింది, అదీ తియ్యాలట. తియ్యకపోతే చలికాలం దాటడం కష్టమన్నారు. వద్దన్నాను. రెండూ లేని ఒడెల్లా ఎవరో నాకు తెలియదు. లోరెయిన్ నాతో మాట్లాడటం మానేసింది. నువ్వు మానకు. వసంతం దాకా ఆగకుండా రా. పలక తేవద్దు, ఊరికే నా పక్కన కూర్చో.

తర్వాత వసంతంలో ఆటకు నా బూట్లు చేతులకు తొడుక్కోకు. పెట్టెలోనే ఉండనీ. నా వంతు వచ్చినప్పుడు కదలకు. డ్రమ్ ఆపమని థర్మన్‌కు చెప్పు. ఆ ఒక్క ఆటే. ఆ తర్వాత ప్రశ్న కూడా నీదే.

ఏడుస్తూ వంగిపోకు. నడుం నిటారుగా పెట్టి నిలబడు.

నీ ఒడెల్లా