సగం ధర ల్యాబ్రడార్ విషయం

అక్కా,

నా ఒంట్లో బాగానే ఉంది, ఒళ్లే మండిపోతోంది. బావ కనిపెట్టిన సగం ధర ల్యాబ్రడార్ పిల్లను చూడడానికి నిన్న వెళ్లాను.

"తల్లిని చూపిస్తారా?" అన్నాను.

"ఊరెళ్లిందండీ" అన్నాడు అమ్మేవాడు.

"బస్సులోనా, రైల్లోనా?" అని వినయంగా విచారించాను. అంతలో వెనక రేకుల షెడ్డులోంచి అది మొరిగింది. వెళ్లి చూస్తే లేచి నిలబడే ఓపిక కూడా లేదు. ఏడాదికి రెండు ఈతలట!

"అందరూ ఇదే జాతి అడుగుతున్నారండీ, అందుకే జోరుగా తయారుచేస్తున్నాం" అన్నాడు మహానుభావుడు. పిల్లలకు నెల నిండలేదు, ఒక్క టీకా వేయలేదు. పాలు మానకముందే అమ్మేస్తే మేపే పనీ లేదు, మందుల పనీ లేదు. ఈ చవక రహస్యాన్ని బావగారి సముఖానికి సవినయంగా మనవి చెయ్యి.

పిల్లను కొనలేదు. తల్లి ఇక ఈనదని ఎక్కడో వదిలేస్తాడట. ఆదివారం దాన్నే తెస్తున్నాను. కుక్కపిల్ల వస్తుందని ఎదురుచూస్తున్న పాపకు నువ్వే సర్దిచెప్పు. పెరటి గేటుకు గొళ్లెం పెట్టించారా? పాత దుప్పటి ఒకటి తీసి ఉంచు. అమ్మకు నమస్కారాలు, పాపకు ముద్దులు. బావను మాత్రం ఆ పూట ఇల్లు కదలొద్దను. అది మెట్లెక్కలేదు, మోయడానికి ఇద్దరం కావాలి.

నీ తమ్ముడు