విప్పని రెండో సంచి

బిషోఫ్తు పట్టణంలో గుర్రపుబళ్ల అడ్డా వెనక వీధిలో కాపురముంటున్న, కీర్తిశేషులు బొగాలె గారి కూతురు ఎల్ఫినేష్ అనే నేను, డెబ్భై ఒక్క ఏళ్ల వయసులో, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ మొహమాటమూ లేకుండా నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. మోకాళ్లు పోయాయి. ఇంజన్ల హోరుకి కుడి చెవి ముప్పావు వంతు పోయింది. బుద్ధి మాత్రం పోలేదు. పోయిందని మా మేనకోడలు మెస్తావెత్ చెబితే నమ్మకండి. దాని ఉప్పు డబ్బా ఎక్కడుందో ఇప్పటికీ నేనే చెప్పాలి.

నేను ఇరవై ఆరేళ్లు ఇక్కడి వైమానిక స్థావరంలో మిగ్ యుద్ధవిమానాల బ్రేకు పారాషూట్లు మడిచాను. విమానం నేల తాకగానే పైలట్ మీట నొక్కుతాడు. తోకలోంచి పారాషూట్ బయటపడి విచ్చుకుని పరుగు తగ్గిస్తుంది. అది రాకపోతే రన్‌వే చాలదు. జీపువాళ్లు దాన్ని ఏరుకొచ్చి గడ్డీగాదంతో సహా మా గుమ్మంలో పడేసేవారు. మేము దులిపి, చిరుగులు కుట్టి, మడతలు పెట్టి, మోకాళ్లతో తొక్కి సంచిలో కుక్కేవాళ్లం. జన్మలో ఒక్కసారీ విమానం ఎక్కలేదు నేను. కానీ నా చెయ్యి పడకుండా ఆగిన విమానాలు తక్కువే.

నా స్వార్జితాన్ని ఈ విధంగా పంచుతున్నాను.

1. వంటింటి సామాను, ఇంజెర రొట్టెలు కాల్చే పెనం, మూతి విరిగిన కాఫీ కూజా, దాని తొమ్మిది చిన్న కప్పులు మెస్తావెత్‌కు చెందాలి. కప్పులు పన్నెండు ఉండాలి. మూడు ఎవరు పగలగొట్టారో దానికీ తెలుసు, నాకూ తెలుసు.

2. ఈ వీలునామా అమలుచేసే బాధ్యత విశ్రాంత విమాన మెకానిక్ అయ్యలేవ్‌ది. అతనికి నా రేడియో ఇస్తున్నాను. ఇరవై ఏళ్లపాటు “నీదేముందక్కా, దుప్పట్లు మడతపెట్టే ఉద్యోగం” అని నన్ను ఏడిపించాడు. ఓ రోజు “అయితే నువ్వే మడువు” అన్నాను. గంటన్నర కుస్తీపట్టి, చెమటలు కక్కి, సగం గుడ్డ బయటే వదిలేసి లేచాడు. రేడియో ఇస్తున్నది ఆ రోజు కడుపారా నవ్వించినందుకు. దుప్పటి మాట మాత్రం క్షమించలేదు.

3. మా వీధి ఇద్దిర్ సంఘంవాళ్లు నా అంత్యక్రియలకు డేరా వేస్తారు, వంట చేస్తారు. వాళ్లకు నా రెండు పెద్ద గుండిగలు దానం. పప్పులో కారం మాత్రం తగ్గించండర్రా. ఏడ్చేవాళ్లు నాకోసం ఏడవాలి గానీ మీ కారానికి కాదు.

4. మా నాన్న కొమ్ముతో కప్పులు చెక్కేవాడు. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఎద్దు కొమ్ముతో నాలుగు బద్దలు చేసిచ్చాడు, పారాషూట్ మడతలు లోపలికి దోపుకోవడానికి. జానెడు పొడవు, వెన్నలా నున్నన. బడిసంచులు కుట్టుకునే మెస్తావెత్‌కు అవి పనికొస్తాయి. మూడే ఉన్నాయి. నాలుగోది ఏమైందన్నదే నన్ను ముప్పై ఆరేళ్లుగా తినేస్తున్న ప్రశ్న.

5. ముప్పై ఆరేళ్ల కిందటి ఆ ఉదయం రెండు సంచులు మడిచాను. పని కాగానే బద్దలు లెక్కపెట్టి కాగితం మీద సంతకం చేయాలి. అది నియమం, ఎందుకంటే మడతల్లో బద్ద మిగిలిపోయి అడ్డం పడితే పారాషూట్ ఇరుక్కుంటుంది. లెక్కపెడితే మూడే వచ్చాయి. బల్ల కింద చూశాను, చెత్తలో చూశాను. మొదటి సంచి అప్పటికే కెప్టెన్ షిమెల్లిస్ విమానం తోకలోకి వెళ్లిపోయింది. చెబితే విమానాన్ని ఆపాలి, అంతా విప్పాలి, “ఆడవాళ్ల పనింతే” అనిపించుకోవాలి. సాయంత్రానికి దొరక్కపోతుందా అనుకున్నాను. నాలుగని రాసి సంతకం పెట్టేశాను.

ఆ విమానం దిగింది. పారాషూట్ రాలేదు. రన్‌వే దాటి గోతిలో పడి కాలిపోయింది. షిమెల్లిస్ పోయాడు. సంచీ బూడిదైంది. రెండో సంచిని విచారణవాళ్లు సీలు వేసి పక్కన పెట్టారు. నా కాగితంలో లెక్క సరిగ్గా ఉండబట్టి విప్పే అవసరం కనిపించలేదు వాళ్లకి. కారణం తేలలేదని రాశారు. మిగ్‌లు మూలపడ్డాక ఆ సంచి తుక్కులోకి పోతుంటే అయ్యలేవ్ అనుమతి కాగితం రాయించి నాకు తెచ్చిచ్చాడు, గుర్తుగా ఉంటుందని. పాపం, అతనికేం తెలుసు.

బద్ద ఈ సంచిలో ఉంటే నా తప్పు లేదు. లేకపోతే ఉంది. చేత్తో నొక్కితే తెలియదు, రాయిలా బిగిసి ఉంటుంది. కాఫీ వర్తకుడి కాటాలో తూచి చూశాను, ఏమీ తేలలేదు. కత్తెర ఎన్నిసార్లు పట్టుకున్నానో ఆ దేవుడికే తెలుసు. భయం వేసింది. అంతే, వేరే కారణం లేదు.

6. కాబట్టి నా తదనంతరం ఆ సంచిని షిమెల్లిస్ భార్య ఫంటాయె చేతికివ్వాలి. ఆవిడే విప్పాలి. మొగుడు పోయిన వారానికే నా గుమ్మం ముందు నిలబడి “నీ చేతులు పడిపోను, నువ్వే చంపావే” అని అరిచింది. అప్పట్నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. చర్చిలో నన్ను చూస్తే ముఖం తిప్పుకుంటుంది. బద్ద దొరికితే ఇల్లు మెస్తావెత్‌ది. దొరక్కపోతే ఇల్లు, పెరడు సర్వహక్కులతో ఫంటాయెకు చెందాలి.

ఇంతవరకూ యెకతిత్ నెల 5న రాశాను. సాక్షుల కోసం కబురంపి, ముందుగా అయ్యలేవ్‌కి చదివి వినిపించాను. మనిషి ఎర్రబడిపోయాడు. “చచ్చాక విప్పిస్తావా? ఆవిడకీ అరవై ఆరు దాటాయి. నువ్వు చచ్చేదాకా ఆవిడ కూర్చుని ఉండాలా? సిగ్గులేదూ నీకు?” అన్నాడు. మర్నాడు ఫంటాయెను తనే తీసుకొచ్చాడు.

7. యెకతిత్ 6న జరిగినది, సత్యప్రమాణంగా: కాఫీ కాచాను, పేలాలు పెట్టాను. ఫంటాయె ముట్టలేదు. ఆ అయిదో అంశం నేనే ఆవిడకు చదివి వినిపించి, కత్తెర చేతికిచ్చాను. సీలు తెంచగానే స్ప్రింగు ఎగిరి, పెద్దదాన్ని బయటికి లాగే చిన్న పారాషూట్ అయ్యలేవ్ ముఖానికి కొట్టుకుంది. నవ్వు వచ్చింది గానీ ఎవరం నవ్వలేదు. పెద్ద గుడ్డ లాగి పెరడంతా పరిచాం. మడత మడతా తడిమాం. తాళ్లు విడదీశాం, సంచి బోర్లించాం. బద్ద లేదు.

“నేనేనే ఫంటాయె” అన్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె గుడ్డ మీదే కూలబడి, “ఆ పొద్దున మేము పోట్లాడుకున్నాం. తినకుండా వెళ్లిపోయాడు. ఆ కోపంలో, ఆ ఆకలిలో మీట నొక్కడం మరిచాడేమో అని ఇన్నేళ్లూ చస్తున్నాను. నీ మీద అరిచింది ఎందుకనుకున్నావ్? అది నువ్వే కావాలని, నేను కాకూడదని” అంది. అని, చంటిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అయ్యలేవ్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత అతను ఓ మాట అన్నాడు: “అక్కా, బద్ద ఆ సంచి తీసుకెళ్లిన జీపులో పడిపోయి ఉండొచ్చుగా, ఇందులో లేనంత మాత్రాన అందులో ఉన్నట్టా?” ఉండొచ్చు. నిజమేమిటో తెలుసుకోవాలన్న ఆశ నాకు ఇప్పటికీ చావలేదు. కానీ లెక్క తప్పని తెలిసీ సంతకం పెట్టింది నేను. కనుక ఈ పత్రంలో నా వాంగ్మూలం ఇదే: ఆ తప్పు నాది. షిమెల్లిస్‌ది కాదు. అతని భార్యది అసలే కాదు.

8. ఇల్లు ఫంటాయెకు. వద్దు గాక వద్దంటోంది. వీలునామా రాయడంలో ఉన్న సుఖమే అది, అప్పటికి నాతో వాదించడం ఎవరి వల్లా కాదు. మెస్తావెత్ మూతి ముడవకూడదు. దానికి మొగుడి ఇల్లు ఉంది, నా కప్పులూ ఉన్నాయి.

9. చివరి ఆస్తి. పారాషూట్ విచ్చుకున్నప్పుడు లోపల కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో తెలుసుకోవాలని కనిపించిన పైలట్‌నల్లా అడిగేదాన్ని. ఒకడు గుర్రం కళ్లెం లాగినట్టుంటుందన్నాడు, ఇంకొకడు పళ్లు కదులుతాయన్నాడు. షిమెల్లిస్ మాత్రం, “ఇంట్లోంచి పదడుగులు వేశానో లేదో మా ఫంటాయె ‘ఆగాగు’ అని వెనక్కి పిలుస్తుంది చూడక్కా, అచ్చం అలా ఉంటుంది. దిగినప్పుడల్లా అదే గుర్తొస్తుంది” అన్నాడు. ఈ మాట ఇన్నాళ్లూ నా దగ్గరే ఉండిపోయింది. నిన్న ఆమె ముఖం చూస్తూ చెప్పలేకపోయాను. ఇది ఫంటాయె సొత్తు. దీనికి నా చావు దాకా ఆగక్కర్లేదు. సంతకాలు కాగానే అయ్యలేవ్ ఈ కాగితం పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాలి, ఈ అంశం పైకి చదివి వినిపించాలి.

బిషోఫ్తు, మా పంచాంగం ప్రకారం యెకతిత్ 7, 2016.

(సంతకం) ఎల్ఫినేష్ బొగాలె

సాక్షులు:
తెషాగెర్ వుబెతు, గుర్రపుబండి యజమాని
జెనెబెచ్ అరేగా, ఇద్దిర్ సంఘం కోశాధికారి
దెమిస్సె రొబి, విశ్రాంత జీపు డ్రైవరు
అమ్సలె కిఫ్లె, దర్జీ